ఎఫ్‌సీబీ1010 ఫుట్ కంట్రోలర్‌ని లైవ్‌కి మ్యాప్ చేయడం: లూపర్, రివర్బ్, తంబురా ప–మ మార్పు

జయనగర్_వయొలిన్
అందరికీ నమస్కారం. వయొలిన్ పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ ఉండవు, కాబట్టి సాఫ్ట్‌వేర్ అంతా కాలితోనే నడవాలి. నా దగ్గర ఉన్నవి విండోస్ ల్యాప్‌టాప్, ఏబుల్టన్ లైవ్ (సంగీత సాఫ్ట్‌వేర్, కింద ‘లైవ్’ అంటే ఇదే), బెహ్రింగర్ ఎఫ్‌సీబీ1010, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే యూఎస్‌బీ–మిడి కేబుల్ (మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటరూ సందేశాలు పంపుకునే పద్ధతి). కావలసినవి నాలుగు: లూపర్ (వాయించింది రికార్డు చేసి తిప్పి తిప్పి మోగించేది), రివర్బ్ (గది ప్రతిధ్వని) ఆన్/ఆఫ్, తంబురాని పంచమం నుంచి మధ్యమానికి మార్చడం, ఎక్స్‌ప్రెషన్ పెడల్‌తో (కాలితో వంచితే విలువ మెల్లగా మారేది) ప్యాడ్ (వెనక నిలకడగా మోగే శబ్దం) వాల్యూమ్.

ఏ పెడల్ దేన్ని నడపాలో లైవ్‌కి నేర్పే మిడి మ్యాప్ మోడ్‌లో రివర్బ్ బటన్ ఎంచుకుని పెడల్ నొక్కితే లైవ్ ఏమీ పట్టుకోవడం లేదు. అదే నా మిడి కీబోర్డుకి ఉన్న సస్టైన్ పెడల్‌ని మ్యాప్ చేస్తే పట్టుకుంటోంది. కానీ కాలు పెట్టినంతసేపే రివర్బ్ ఉంటోంది, తీయగానే పోతోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మిడిమిత్ర
లైవ్‌ని కాసేపు మూసేయండి. ముందు పెడల్ ఏం పంపుతోందో చూడాలి. వచ్చే మిడి సందేశాల్ని చూపే ప్రోగ్రాములు ఇవి: విండోస్‌లో మిడి–ఆక్స్ (ఉచితం), మ్యాక్‌లో మిడి మానిటర్, లినక్స్‌లో ఏసెక్‌డంప్. లైవ్ మూయమన్నది ఎందుకంటే, విండోస్‌లో చాలా మిడి డ్రైవర్లు ఒక పోర్టుని ఒక ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. లైవ్ తెరిచి ఉంటే మిడి–ఆక్స్‌కి పోర్టు దొరకదు, మిడి–ఆక్స్ తెరిచి ఉంటే లైవ్‌కి దొరకదు. పెడల్ పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే.

ఇప్పుడు ఒక్కో పెడల్ నొక్కి ఈవెంట్ కాలమ్ చూడండి. కొన్న రోజున ఉన్న సెట్టింగే ఉంటే మీకు ప్రోగ్రామ్ చేంజ్‌లే (‘ఈ నంబరు శబ్దానికి మారు’ అనే సందేశాలు) కనిపిస్తాయి. లైవ్ మిడి మ్యాప్ నోట్‌లనీ కంట్రోల్ చేంజ్‌లనీ (ఒక నంబరుకి 0–127 మధ్య విలువ పంపే సందేశాలు) నేర్చుకుంటుంది గానీ ప్రోగ్రామ్ చేంజ్‌ని నేర్చుకోదు. మీ మొదటి సమస్యకి కారణం దాదాపు ఇదే.

ఎఫ్‌సీబీలో ఒక్కో ప్రీసెట్ 5 ప్రోగ్రామ్ చేంజ్‌లు, 2 కంట్రోల్ చేంజ్‌లు, ఒక నోట్, వీటితో పాటు రెండు ఎక్స్‌ప్రెషన్ పెడళ్ల విలువలు పంపగలదు. 10 బ్యాంకులు, బ్యాంకుకి 10 ప్రీసెట్లు. మీకు ఒక్క బ్యాంకు చాలు. దానిలో 5 ప్రోగ్రామ్ చేంజ్‌లనీ ఆపేసి మొదటి కంట్రోల్ చేంజ్‌ని ఆన్ చేయండి, నంబర్లు 20 నుంచి 29 వరకు ఇవ్వండి. ఛానల్ 16 పెట్టండి, కీబోర్డు 1 మీదే ఉండనివ్వండి.

నంబర్లు ఎంచుకునేటప్పుడు 1, 7, 11, 64 జోలికి పోకండి. అవి మాడ్యులేషన్, వాల్యూమ్, ఎక్స్‌ప్రెషన్, సస్టైన్. 120 నుంచి 127 వరకు అసలే వద్దు, అవి ఛానల్ మోడ్ సందేశాలు. 123 పంపితే మోగుతున్న నోట్లన్నీ ఆగిపోతాయి. 20–31, 102–119 ఎవరికీ కేటాయించనివి, నిశ్చింతగా వాడుకోవచ్చు.

అయ్యాక మళ్లీ మిడి–ఆక్స్‌లో చూసి ఒక్క సంగతి రాయండి. నొక్కితే 127, వదిలితే 0 వస్తోందా? నొక్కిన ప్రతిసారీ 127 మాత్రమేనా? లేక ఒక నొక్కుకి 127, మరో నొక్కుకి 0 వస్తోందా? ఈ మూడింటిలో ఏదో తెలిస్తే మిగతాదంతా చెప్పొచ్చు.

తీగలశాల_కేఆర్‌పురం
పైదానికి ఒక చేర్పు. ఎఫ్‌సీబీని కాలితో ప్రోగ్రామ్ చేయడం విసుగు కాబట్టి అందరూ కంప్యూటర్ ఎడిటర్ వాడతారు. ఎడిటర్ పంపేది సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ డంప్, అంటే సెట్టింగులన్నీ కలిపిన ఒక పొడవాటి సందేశం. చవక యూఎస్‌బీ–మిడి కేబుళ్లు మూడు బైట్ల సందేశాల్ని బాగానే దాటిస్తాయి గానీ పొడవాటి డంప్ మధ్యలో బైట్లు మింగేస్తాయి. ఎడిటర్‌లో మార్చింది పెడల్‌లోకి సగమే చేరితే తప్పు పెడల్‌ది కాదు, కేబుల్‌ది. ఆడియో ఇంటర్‌ఫేస్ వెనక ఐదు పిన్నుల మిడి సాకెట్లు ఉంటే వాటితోనే డంప్ చేయండి.

జయనగర్_వయొలిన్
మిడిమిత్ర గారూ, మీరన్నట్టే ప్రోగ్రామ్ చేంజ్‌లే వస్తున్నాయి. కంట్రోల్ చేంజ్ 20కి మార్చాను, లైవ్ పట్టుకుంది. నొక్కిన ప్రతిసారీ 127 మాత్రమే వస్తోంది, వదిలితే ఏమీ రావడం లేదు. రివర్బ్ ఆన్ అవుతోంది, ఆఫ్ కావడం లేదు.

మిడిమిత్ర
మీ రెండు సమస్యలకీ మూలం ఒకటే. లైవ్‌లో ఆన్/ఆఫ్ స్విచ్‌కి కంట్రోల్ చేంజ్ మ్యాప్ చేస్తే విలువ 64 ఆ పైన వస్తే ఆన్, 63 ఆ కింద వస్తే ఆఫ్. సస్టైన్ పెడల్ వదలగానే 0 పంపుతుంది కాబట్టి రివర్బ్ పోయింది. ఎఫ్‌సీబీ 0 పంపనే పంపదు కాబట్టి రివర్బ్ ఆగలేదు. అదే స్విచ్‌కి నోట్ మ్యాప్ చేస్తే లెక్క వేరు: నోట్ ఆన్ వచ్చిన ప్రతిసారీ ఉన్న స్థితి తిరగబడుతుంది. మీకు కావలసింది అదే.

దీనికి ఒక మిడి సందేశాన్ని ఇంకో సందేశంగా మార్చే బోమ్ మిడి ట్రాన్స్‌లేటర్ లాంటి ప్రోగ్రామ్ మధ్యలో పెట్టండి. నియమం చిన్నది: ఛానల్ 16లో కంట్రోల్ చేంజ్ 20, విలువ 127 వస్తే ఛానల్ 16లో నోట్ 60 ఆన్ పంపు, 30 మిల్లీసెకన్ల తర్వాత నోట్ 60 ఆఫ్ పంపు. బయటికి పంపే దారి వర్చువల్ పోర్టు (కేబుల్ లేకుండా ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి వెళ్లే పోర్టు). లైవ్ ప్రిఫరెన్సెస్‌లో (లైవ్ 12లో దీని పేరు సెట్టింగ్స్) ఆ వర్చువల్ పోర్టుకి రిమోట్ మాత్రం ఆన్ చేయండి, ట్రాక్ ఆఫ్. అసలు కేబుల్ పోర్టుకి ట్రాక్, సింక్, రిమోట్ మూడూ ఆఫ్ చేయాలి. అది మరిస్తే లైవ్‌కి రెండు దారుల్లోనూ కబురు వెళ్లి, ఒక నొక్కుకి ఆన్ అయి వెంటనే ఆఫ్ అయినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

రీపర్‌రాగం
ఎఫ్‌సీబీకి యూనో అనే ప్రత్యామ్నాయ ఫర్మ్‌వేర్ చిప్ ఉంది కదా. పాత చిప్ పీకి అది పెడితే స్టాంప్‌బాక్స్ మోడ్ వస్తుంది, ఒక నొక్కుకి 127, మరో నొక్కుకి 0, పైగా పెడల్ మీద లైటు కూడా వెలుగుతుంది. ట్రాన్స్‌లేటర్ ఎందుకు?

మిడిమిత్ర
చిప్ మంచిదే. కానీ అప్పుడు ‘ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా’ అన్న లెక్క రెండు చోట్ల ఉంటుంది, పెడల్‌లో ఒకటి, లైవ్‌లో ఒకటి. మౌస్‌తో రివర్బ్ ఆపారనుకోండి, పెడల్ ఇంకా 127 దగ్గరే ఉందనుకుంటుంది. తర్వాతి నొక్కుకి 0 పంపుతుంది, ఏమీ జరగదు, రెండోసారి నొక్కాలి. మండపంలో కరెంటు పోయి జనరేటర్‌కి మారేటప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఎఫ్‌సీబీ గోడ కరెంటు మీద నడిచేది కాబట్టి ఆగి మళ్లీ లేస్తుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద అలాగే ఉంటుంది. పెడల్ అన్నీ ఆఫ్ అనుకుంటుంది, లైవ్‌లో మూడు ఎఫెక్టులు ఆన్‌లో ఉంటాయి. అందుకే స్థితి సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి, పెడల్ ‘నొక్కారు’ అన్న కబురు మాత్రం చేరవేయాలి. సెట్టింగ్ మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే.

రీపర్‌రాగం
ఒప్పుకుంటాను, లైటు సంగతి మాత్రం మిగిలిపోతుంది. లైవ్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఈ గొడవ తక్కువ. యాక్షన్స్ లిస్ట్‌లో ‘టాగుల్’ అని ఉన్న యాక్షన్లకి స్థితి రీపరే చూసుకుంటుంది. ప్రశ్నార్థకం మీట నొక్కితే లిస్ట్ తెరుచుకుంటుంది, యాక్షన్ ఎంచుకుని షార్ట్‌కట్ చేర్చు అని పెడల్ నొక్కడమే. దానికి ముందు ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్స్ దగ్గర ఆ పోర్టుకి కంట్రోల్ సందేశాలు అనుమతించాలి. అది టిక్ చేయకపోతే రికార్డింగ్‌లో పెడల్ కనిపిస్తుంది గానీ యాక్షన్ కదలదు.

ఇంకోటి, ట్రాక్ ఇన్‌పుట్ ‘అన్ని మిడి ఇన్‌పుట్లు’ అని వదిలేస్తే పెడల్ సందేశాలు వాయిద్యం ప్లగిన్‌లోకి కూడా పోతాయి. ట్రాక్‌కి కీబోర్డు పోర్టు ఒక్కటే ఇవ్వండి.

పొట్టి నొక్కు ఒక పని, పొడుగు నొక్కు ఇంకో పని కావాలంటే రీలెర్న్ అనే ఉచిత ప్లగిన్ ఉంది, రీపర్‌కి చేర్పులు దించుకునే రీప్యాక్ ద్వారా వస్తుంది. దానిలో ఫైర్ మోడ్ అని ఉంటుంది: నొక్కగానే, వదలగానే, ఇంతసేపు పట్టుకుంటే, రెండుసార్లు నొక్కితే. వెనక్కి ఫీడ్‌బ్యాక్ పంపడం కూడా అదే చూస్తుంది. ఇవి పనిచేయాలంటే పెడల్ వదిలిన కబురు కూడా రావాలి, 127 ఒక్కటే పంపేదానితో కుదరదు.

జయనగర్_వయొలిన్
లూపర్‌కి కూడా వదిలిన కబురు కావాలా? లైవ్‌లోని లూపర్‌కి ఒకే పెద్ద బటన్ ఉంది.

మిడిమిత్ర
అవును, కావాలి. ఆ బటన్‌ని ఒకే ఫుట్‌స్విచ్‌తో నడపడానికే పెట్టారు. మొదటి నొక్కుకి రికార్డు, రెండో నొక్కుకి లూప్ మోగడమో ఓవర్‌డబ్బో, అంటే దానిమీదే ఇంకో పొర రికార్డు కావడమో (పక్కన మీరు ఎంచుకున్నదాన్ని బట్టి). త్వరత్వరగా రెండుసార్లు నొక్కితే ఆగుతుంది. మోగుతుండగా రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అన్‌డూ, ఆగి ఉన్నప్పుడు నొక్కి పట్టుకుంటే మొత్తం తుడిచేస్తుంది. కాలు ఎప్పుడు తీశారో తెలియకపోతే ‘నొక్కి పట్టడం’ అన్నదానికి అర్థమే లేదు. లూపర్‌కి మాత్రం నొక్కితే 127, వదిలితే 0 పంపే పెడల్ వాడండి. మీ సస్టైన్ పెడల్ సరిగ్గా అలాంటిదే, దాన్ని దీనికి కేటాయించండి. మ్యాప్ చేసిన సందేశాన్ని లైవ్ ట్రాక్‌లోకి పోనివ్వదు కాబట్టి వాయిద్యానికి సస్టైన్ తగలదు.

ఒక జాగ్రత్త: సస్టైన్ పెడల్ కాలి కింద ఉండగా కీబోర్డు ఆన్ చేయకండి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి దాన్నే ‘వదిలిన’ స్థితిగా తీసుకుంటాయి, తర్వాత అంతా తలకిందులు.

చాపుతాళం
లూపర్ మాటొచ్చింది కాబట్టి తాళం సంగతి. ఆది తాళం అయితే నాలుగు బీట్ల బార్లు రెండు, ఏ ఇబ్బందీ లేదు. మిశ్ర చాపు వాయిస్తూ లైవ్‌ని 4/4లో వదిలేస్తే క్వాంటైజ్ (నొక్కుని దగ్గరి బార్‌కి సర్దడం) ఒక బార్ అని పెట్టినా లూప్ తప్పు చోట మూసుకుంటుంది. రికార్డు మొదలుపెట్టకముందే టైమ్ సిగ్నేచర్ 7/8 చేయండి, ఖండ చాపుకి 5/8. అప్పుడు కాలు కాస్త ముందో వెనకో పడినా సమం దగ్గరే లూప్ అతుక్కుంటుంది.

క్లిక్ లేకుండా మొదటి లూప్‌నుంచే టెంపో పుట్టాలంటే లూపర్‌లో టెంపో కంట్రోల్ ‘సెట్ అండ్ ఫాలో’ చేసి, రికార్డు పొడవు ఎన్ని బార్లో ముందే చెప్పండి. చెప్పకపోతే మీరు వాయించింది రెండు బార్లా నాలుగు బార్లా అన్నది లైవ్ ఊహించాలి, ఒక్కోసారి రెట్టింపు వేగం పట్టుకుంటుంది. ఏడక్షరాల తాళాల్లో నాకు నచ్చే పద్ధతి ఎప్పుడూ బార్లు ముందే చెప్పేయడం.

తంబురా_మల్లేశ్వరం
అందరూ ప–మ మార్పుని దాటేశారు, నాకు ఆసక్తి దానిమీదే. పున్నాగవరాళి, నవరోజు, కురంజి లాంటివి మధ్యమ శ్రుతిలో పాడేటప్పుడు తంబురా మొదటి తీగని పంచమం నుంచి మధ్యమానికి దించుతారు. మిగతా మూడు తీగలూ షడ్జమమే, వాటిని కదపక్కర్లేదు. కాబట్టి మొత్తం తంబురా లూప్‌ని ఇంకో లూప్‌తో మార్చకండి. నాలుగు తీగల శబ్దం ఒక్కసారిగా తెగి, కొత్తది మొదటినుంచి మొదలై, వినేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

స ఒక ట్రాక్‌లో, ప ఒకటి, మ ఒకటి పెట్టండి. ప ట్రాక్‌ని క్రాస్‌ఫేడర్ ఏ వైపు, మ ట్రాక్‌ని బీ వైపు, స ట్రాక్ ఎటూ వద్దు. క్రాస్‌ఫేడర్‌ని ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి మ్యాప్ చేస్తే కాలితో మెల్లగా జరుగుతుంది. క్రాస్‌ఫేడర్ మీద రైట్ క్లిక్ చేస్తే ఫేడ్ వంపు రకాలు వస్తాయి, మధ్యలో శబ్దం తగ్గిపోనిది ఎంచుకోండి.

చాపుతాళం
మెల్లగా జరిపితే ప, మ రెండూ కాసేపు కలిసి మోగుతాయి. పక్కపక్క స్వరాలు అలా కలిస్తే చెవికి గుచ్చుకుంటుంది. తంబురాలో ఎప్పుడూ అలా వినపడదు.

తంబురా_మల్లేశ్వరం
న్యాయమే. అయితే తీగ మీటే క్షణంలోనే మారేలా చేద్దాం. దీనికి ఆడియో లూప్ కాదు, మొదటి తీగ మీటు ఒక్కటే శాంపిల్‌గా సింప్లర్‌లో (లైవ్‌లో శాంపిల్‌ని వాయించే వాయిద్యం) పెట్టండి, వన్ షాట్ మోడ్‌లో. ఒక మిడి క్లిప్ నాలుగు మీట్ల చక్రంలో మొదటి మీటు దగ్గర నోట్ పంపుతూ ఉంటుంది. సింప్లర్‌కి ముందు పిచ్ అనే మిడి ఎఫెక్ట్, విలువ −2 సెమిటోన్లు. పంచమానికీ శుద్ధ మధ్యమానికీ తేడా సరిగ్గా రెండు సెమిటోన్లే: 5 శ్రుతి అయితే స అంటే జీ, ప అంటే డీ, మ అంటే సీ. పిచ్ ఎఫెక్ట్ ఆన్/ఆఫ్ బటన్‌ని పైన మిడిమిత్ర చెప్పినట్టు నోట్‌తో మ్యాప్ చేయండి.

నొక్కగానే ఏమీ వినపడదు, అదే దీని అందం. అప్పటికే మీటిన పంచమం తన పాటికి తాను మోగి తగ్గిపోతుంది, తర్వాతి చక్రంలో మీటేది మధ్యమం అవుతుంది. వన్ షాట్ తప్పనిసరి. మామూలు మోడ్‌లో నోట్ మోగుతుండగా పిచ్ మారిస్తే నోట్ ఆఫ్ వేరే స్వరానికి వెళ్లి పాతది ఆగకుండా మోగుతూ ఉండిపోవచ్చు.

జయనగర్_వయొలిన్
ఇది అద్భుతంగా ఉంది. అప్పుడు ఎక్స్‌ప్రెషన్ పెడల్ ప్యాడ్‌కే మిగులుతుంది. దాని గురించి: మడమ పూర్తిగా దించినా వాల్యూమ్ సున్నా కావడం లేదు, మధ్యలో ఆపితే ఫేడర్ వణుకుతోంది.

తీగలశాల_కేఆర్‌పురం
మొదట మిడి–ఆక్స్‌లో అంచు విలువలు చూడండి. మడమ దగ్గర 4, వేలి దగ్గర 121 లాంటివి వస్తుంటే పెడల్‌కి క్యాలిబ్రేషన్ చేయాలి, లేదా ట్రాన్స్‌లేటర్‌లో 4–121ని 0–127గా సాగదీయాలి. వణుకు అంటే 63, 64, 63, 64 అని ఆగకుండా రావడం. విలువ కనీసం 2 మారితే గానీ పంపవద్దని నియమం పెడితే ఆగుతుంది.

ప్యాడ్ వాల్యూమ్‌కి నిజానికి సున్నా అక్కర్లేదు. లైవ్ మిడి మ్యాపింగ్స్ పట్టికలో కనిష్ఠం −24 డీబీ, గరిష్ఠం −6 డీబీ పెట్టి చూడండి. పెడల్ ప్రయాణమంతా పనికొచ్చే పరిధిలోనే ఉంటుంది, కాలికి సూక్ష్మంగా పట్టు దొరుకుతుంది. 0 నుంచి పూర్తి దాకా వదిలితే సగం ప్రయాణం వినపడని చోటే వృథా.

విడిగా పెడల్ కొనే ఆలోచన ఉంటే, వాల్యూమ్ పెడల్ వేరు, ఎక్స్‌ప్రెషన్ పెడల్ వేరు. ఎక్స్‌ప్రెషన్‌కి మూడు తీగల స్టీరియో జాక్. రోలాండ్ ఈవీ–5లో పొటెన్షియోమీటర్ మధ్య కాలు టిప్‌కి (జాక్ కొస) వస్తుంది, యమహా ఎఫ్‌సీ7లో రింగ్‌కి (జాక్ నడిమి వలయం). తారుమారుగా కలిపితే పెడల్ చచ్చినట్టే ఉండదు, చివరి కొంచెంలోనే అంతా దూకుతుంది. అది చూసి పెడల్ పాడైందనుకుంటారు. ఎం–ఆడియో ఈఎక్స్–పీకి కింద మార్చుకునే స్విచ్ ఉంది.

కీబోర్డు_మారతహళ్లి
సొంతంగా పెట్టె కట్టుకుంటే ఎలా ఉంటుంది? నాకు ఆరు స్విచ్‌లు, ఒక ఎక్స్‌ప్రెషన్ జాక్ చాలు.

తీగలశాల_కేఆర్‌పురం
ప్రో మైక్రో బోర్డు (ఏటీమెగా 32యూ4, 5 వోల్టులది) తీసుకోండి. ఇది కంప్యూటర్‌కి నేరుగా మిడి పరికరంగా కనిపిస్తుంది, డ్రైవర్ అక్కర్లేదు. మామూలు ఆర్డుయినో యూనో బోర్డు (పైన చెప్పిన యూనో చిప్ కాదు) అలా కనిపించదు. మొమెంటరీ ఫుట్‌స్విచ్‌లు 6 కావాలి. నొక్కితే టక్కుమని లాక్ అయ్యేవి వద్దు, కొనేటప్పుడు మీటర్ పెట్టి చూడండి: నొక్కినంతసేపే కలవాలి. 6.35 మిల్లీమీటర్ల స్టీరియో జాక్ 1, 470 ఓమ్ రెసిస్టర్ 1, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 1. ఇవన్నీ బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో దొరికేవే. అల్యూమినియం పెట్టెకి రంధ్రాలు కొట్టించుకోవాలి. ప్లాస్టిక్ పెట్టె కాలి బరువుకి వంగుతుంది.

స్విచ్ ఒక కాలు పిన్‌కి, ఇంకో కాలు గ్రౌండ్‌కి. 2 నుంచి 7 వరకు పిన్లు వాడి, ప్రోగ్రామ్‌లో లోపలి పుల్‌అప్ ఆన్ చేస్తే విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. నొక్కినప్పుడు చదివేది 0, వదిలితే 1, తిరగేసి రాయాలని గుర్తుంచుకోండి. డీబౌన్స్ 10 నుంచి 20 మిల్లీసెకన్లు పెట్టండి. అది లేకపోతే లోహపు కాంటాక్ట్ ఎగిరెగిరి పడి ఒక నొక్కు మూడు నొక్కులవుతుంది.

జాక్ టిప్ ఏ0 పిన్‌కి, స్లీవ్ (జాక్ మొదలు) గ్రౌండ్‌కి, రింగ్ 5 వోల్టులకి. కానీ రింగ్‌కి నేరుగా కాదు, 470 ఓమ్ మీదుగా. పొరపాటున మోనో కేబుల్ పెడితే రింగ్, స్లీవ్ కలిసిపోయి 5 వోల్టులు నేరుగా గ్రౌండ్ అవుతాయి. 470 ఓమ్ ఉంటే పారేది సుమారు 10 మిల్లీఆంపులే, బోర్డు బతుకుతుంది. దీనివల్ల 10 కిలో ఓమ్ పెడల్ పైఅంచున రీడింగ్ 1023 బదులు 977 దగ్గర ఆగుతుంది, దాన్నే గరిష్ఠంగా లెక్కవేయండి. కెపాసిటర్ టిప్‌కీ గ్రౌండ్‌కీ మధ్య.

ప్రోగ్రామ్‌లో ఎక్కువమంది చిక్కుకునేవి రెండు. లైబ్రరీలో ఛానల్ 0 నుంచి మొదలవుతుంది, 16వ ఛానల్ కావాలంటే 15 రాయాలి. సందేశం పంపాక ఫ్లష్ పిలవాలి, పిలవకపోతే బయటికి వెళ్లదు. ఇక ప్రో మైక్రో మీది మైక్రో యూఎస్‌బీ సాకెట్ చాలా బలహీనం, కేబుల్ ఒక్కసారి తగిలి లాగితే ఊడి వస్తుంది. పెట్టెకి ప్యానెల్ సాకెట్ బిగించి లోపలికి చిన్న తీగతో కలపండి.

కీబోర్డు_మారతహళ్లి
లైట్ల సంగతి దీనిలో తీరుతుందా?

మిడిమిత్ర
తీరుతుంది. లైవ్ ప్రిఫరెన్సెస్‌లో ఆ పరికరం అవుట్‌పుట్‌కి కూడా రిమోట్ ఆన్ చేస్తే, మ్యాప్ చేసినదాని స్థితి మారినప్పుడల్లా లైవ్ అదే సందేశాన్ని వెనక్కి పంపుతుంది. బోర్డు దాన్ని చదివి లైటు వెలిగించాలి. నొక్కినప్పుడు సొంతంగా వెలిగించకూడదు. అప్పుడు మౌస్‌తో మార్చినా లైటు నిజమే చెబుతుంది. మీ బోర్డు నోట్ పంపేలా రాస్తే మధ్యలో ట్రాన్స్‌లేటర్ కూడా అక్కర్లేదు.

యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటనివ్వకండి. ఐదు పిన్నుల మిడి కేబుల్ అయితే 15 మీటర్ల వరకు పోవచ్చు, పెద్ద వేదికల మీద అదొక్కటే కారణంగా నేను ఎఫ్‌సీబీ వైపు మొగ్గుతాను.

జయనగర్_వయొలిన్
చివరిగా రెండు. చాలాసేపు వాయించాక మొదటి నొక్కు ఒక్కోసారి పడటం లేదు. ఒకసారి ల్యాప్‌టాప్ వేరే వైపు సాకెట్‌లో కేబుల్ పెడితే ఏదీ పనిచేయలేదు.

రీపర్‌రాగం
మొదటిదానికి విండోస్ పవర్ సేవింగ్‌ని అనుమానించండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, ‘కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి అనుమతించు’ అన్న టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపండి.

రెండోది: సాకెట్ మారితే విండోస్ అదే కేబుల్‌ని కొత్త పరికరంగా, పేరు ముందు ‘2–’ చేర్చి చూపించవచ్చు. ట్రాన్స్‌లేటర్ పాత పేరు కోసం చూస్తూ ఉంటుంది. సాకెట్ మీద చిన్న స్టిక్కర్ అంటించి ఎప్పుడూ అక్కడే పెట్టండి.

తంబురా_మల్లేశ్వరం
ఇంకో పెడల్ ఖాళీగా ఉంటే దాన్ని ప్యానిక్‌కి (ఆగకుండా మోగుతున్న నోట్లని ఆపడానికి) ఉంచండి, ట్రాన్స్‌లేటర్ నుంచి వాయిద్యం ట్రాక్‌కి. వరుస ముఖ్యం: ముందు కంట్రోల్ చేంజ్ 64 విలువ 0, తర్వాత 123 విలువ 0. సస్టైన్ నొక్కి ఉందని వాయిద్యం అనుకుంటుంటే 123 వచ్చినా నోట్లు మోగుతూనే ఉండొచ్చు. అప్పటికీ ఆగకపోతే 120, అది శబ్దాన్ని వెంటనే కోసేస్తుంది. ఈ సందేశాలు వెళ్లే వర్చువల్ పోర్టు వేరుగా పెట్టి దానికి లైవ్‌లో ట్రాక్ ఆన్, రిమోట్ ఆఫ్ చేయండి. ఈ పెడల్‌ని వరుసలో చిట్టచివర, పొరపాటున కాలు పడని చోట పెట్టుకోండి.